మావాడి కాలి కట్టు, నా సాక్ష్యం

పోయిన నెల రెండో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకి సమయం ఇస్తే నేను లేచి నిలబడ్డాను. మామూలుగా నేను లేచే రకం కాదు. సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పడం పదేళ్ళుగా అలవాటే కానీ పెద్దవాళ్ళ ముందు మైకు పట్టుకుంటే నాలుక పిడచ కట్టుకుపోతుంది. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను. మా పెద్దోడి జట్టు నిన్న అండర్ ఫోర్టీన్ కబడ్డీ ఫైనల్ ఒక్క పాయింటుతో గెలిచింది, ఆఖరి కూతలో ప్రభువు మావాడి పక్షాన నిలిచాడు, ఆయనకే మహిమ అని చెప్పాను. అందరూ ప్రైజ్ ద లార్డ్ అన్నారు. వెనక బల్ల మీద మామ్మలు చప్పట్లు కూడా కొట్టారు. కవర్లో ఐదు వందలు పెట్టి కృతజ్ఞత కానుక వేశాను. మావాడు నా పక్కనే కూర్చుని మోకాలి మీద ఎండిన పుండు చెక్కుని గోటితో గిల్లుకుంటున్నాడు. నలుగురిలో పొగిడేసరికి సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను.

సిగ్గే. నేననుకున్న సిగ్గు కాదంతే.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు మద్రాసు వైపే ఉండిపోయింది, ఇప్పుడది ఆంధ్ర. బండి మీద పది నిమిషాల్లో రాష్ట్రం మారిపోతుంది, భాష మాత్రం మారదు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో రెండూ. నాకు ఫ్లెక్సులు, డీటీపీ చేసే చిన్న షాపుంది, అందులో కూడా అంతే, పొద్దున పెళ్ళికార్డు తెలుగులో కొడితే సాయంత్రం శ్రాద్ధం కార్డు ఒడియాలో. కబడ్డీ టోర్నమెంటు అంటే రెండు వైపుల నుంచీ జట్లు వస్తాయి. అంపైర్లు ఒడియాలో మాట్లాడతారు, తిట్లు మాత్రం తెలుగులోనే పడతాయి.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఉంది. కూతకి వచ్చినవాడు ఎదుటి జట్టులో ఒకణ్ణి ముట్టుకుని, కూత ఆపకుండా మధ్యగీత దాటి వెనక్కి వెళ్ళిపోతే పాయింటు. ముట్టుకోవడం అంటే గట్టిగా కొట్టక్కర్లేదు, వేలి కొన తగిలినా చాలు, బట్ట తగిలినా చాలు. టీవీలో అయితే కెమెరాలు, రివ్యూలు ఉంటాయి. మా మైదానంలో సున్నం గీతలు, ఇద్దరు అంపైర్లు, ఒక రిఫరీ, బోలెడు దుమ్ము. వేలి కొన తగిలిందో లేదో నిజంగా తెలిసేది ఇద్దరికే, తాకినవాడికీ తాకించుకున్నవాడికీ. తాకినవాడు ఎలాగూ టచ్ టచ్ అని చెయ్యెత్తుతాడు, తగలకపోయినా ఎత్తేవాళ్ళున్నారు. అంచేత అంపైరు చూడకపోతే ఇక మిగిలేది రెండోవాడి నోరే. క్రికెట్లో ఎల్‌బీడబ్ల్యూ లాంటిది కాదిది. పదమూడేళ్ళ పిల్లాడి నోటి మీద స్కోరు ఆగిపోయే ఆట ఇంకొకటి ఉందేమో నాకైతే తెలీదు.

ఆ శనివారం 27–26, మావాళ్ళు ఒకటి ముందు. ఆఖరి కూత పాతపట్నం కుర్రాడిది. సన్నగా, బొంగరంలా ఉన్నాడు. మావాడు లెఫ్ట్ కార్నర్, అంటే పట్టేవాళ్ళ వరసలో ఎడమ చివర. నేను వాడి వెనకాల, ఎండ్ లైను పక్కన ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. ప్రార్థన కూడా చేస్తున్నాను, అది ఒప్పుకోవాలి, పెదాలు కదులుతూనే ఉన్నాయి, ప్రభువా గెలిపించు ప్రభువా అని. అవతల గీత దగ్గర వాళ్ళ ఊరి ఆడవాళ్ళు నీలమణమ్మ తల్లికి దండం పెట్టుకుంటున్నారు. ఆ కుర్రాడు ఒక్కసారి నేలకి వంగి చెయ్యి చాపాడు, మావాడు కాలు వెనక్కి లాక్కున్నాడు, ఆ కుర్రాడు గిర్రున తిరిగి గీత దాటేసి వేలెత్తాడు. అంపైరు మావాణ్ణి చూసి "ఛుఇఁలా కి?" అని అడిగాడు, తగిలిందా అని. మావాడు తల అడ్డంగా ఊపి "నాయిఁ" అన్నాడు. విజిల్ పడింది. ఇంక మేమంతా లోపలికి పరుగు.

మంగళవారం రాత్రి అన్నాలయ్యాక మావాడు షాపు షట్టరు దించడానికి నాతో వచ్చాడు. షట్టరు సగంలో ఉండగా "డాడీ, ఆ రోజు టచ్ అయింది" అన్నాడు.

"ఏ రోజు?" అన్నాను. ఏ రోజో నాకు తెలుసు.

"కట్టు కొస తగిలింది వాడి చేతికి. లాగినట్టయింది."

ఆ వారం మావాడికి మడమ బెణికింది. వాళ్ళమ్మ క్రేప్ బ్యాండేజీ చుట్టి, కొస లోపలికి దోపి పిన్నీసు పెట్టింది. మ్యాచ్ అయ్యాక చూస్తే ఆ కొస జానెడు పొడుగున ఊడి వేలాడుతోంది, పిన్నీసు లేదు. ఇప్పుడు నా సంగతి కూడా చెప్పాలి. శనివారం రాత్రి నేను ఆ వీడియో స్టేటస్‌లో పెట్టుకుంటూ చివర రెండు సెకన్లు కత్తిరించాను. పొద్దస్తమానం ఫోటోలు, వీడియోలు కత్తిరించి అతికించే వృత్తి నాది, చేతికి అలవాటు, ఎందుకు కత్తిరిస్తున్నానో నన్ను నేను అడగలేదు. కానీ ఆ రెండు సెకన్లలోనే ఊడిన కట్టు కొస కనిపిస్తుంది. చూశాను. చూసి, చూడనట్టు కత్తిరించాను. మర్నాడు పొద్దున వెళ్ళి మైకులో దేవుడికి మహిమ చెల్లించాను.

కాబట్టి ఆ షట్టరు దగ్గర నాకు మొదట వచ్చింది కోపం. ఎందుకు చెప్పావురా ఇప్పుడు, అయిపోయింది కదా అనేశాను కూడా. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి నువ్వు చర్చిలో చెప్పేశావు కదా" అన్నాడు. అంటే వాడి బాధ మ్యాచ్ గురించి కాదు, ఆ అబద్ధానికి నేను దేవుడి పేరు తగిలించినందుకు. ఇంకో మాట కూడా అన్నాడు, అది తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. "నేను ఒడియాలో చెప్పాను డాడీ, తెలుగులో అడిగుంటే అనేవాణ్ణి కాదేమో." మా ఇంట్లో ప్రార్థన తెలుగు, బైబిలు తెలుగు. బడి, ఆట, అంపైరు అన్నీ ఒడియా. వాడి లెక్కలో దేవుడు ఏ వైపు ఉంటాడో ఆ మాటలో నాకు తెలిసిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లాడికి ఆటలో విశ్వాసం అంటే నేనేం నేర్పాను అని వెనక్కి చూసుకుంటే, మ్యాచ్ ముందు తల వంచి ప్రార్థన చెయ్యమన్నాను, గెలిస్తే వేలు పైకెత్తమన్నాను, ఆదివారం పొద్దున ప్రాక్టీసుకి వెళ్ళొద్దన్నాను. అంతే. అంపైరు చూడకపోతే ఏం చెయ్యాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను నేర్పిన ప్రార్థన దిష్టి తీసే నిమ్మకాయలా తయారైంది.

నా షాపులో ఆ మధ్య జరిగిన విషయం ఒకటి గుర్తొచ్చింది. ఒక యూత్ వాళ్ళు వాలీబాల్ జెర్సీలు అచ్చు వేయించుకోవడానికి వచ్చారు, వెనక బైబిల్లోని ఫిలిప్పీ 4:13 వేయమన్నారు. నన్ను బలపరిచేవానిలో అన్నీ చేయగలను అన్న వచనం. ఎవరడిగినా అదే వచనం. పైన రెండు వచనాలు చదివారా అని అడిగాను, లేదన్నారు. పౌలు ఆ మాట రాసింది సంకెళ్ళలో ఉండి. కడుపు నిండినా ఆకలితో ఉన్నా, ఉన్నా లేకపోయినా, ఎలా బతకాలో నేర్చుకున్నాను అంటూ ఆ మాట అంటాడు. అంటే ఓడిపోయినప్పుడు వేసుకోవాల్సిన జెర్సీ అది. ఆర్డరు పోతుందేమోనని భయపడుతూనే చెప్పాను, వాళ్ళు నవ్వేసి అదే వేయించుకెళ్ళారు. నేనూ డబ్బులు తీసుకున్నాను.

నిజానికి పౌలుకి ఆటల మాట బాగా తెలుసు. కొరింథు పక్కనే రెండేళ్ళకోసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి, గెలిచినవాడికి ఆకుల కిరీటం పెట్టేవారు, వాడిపోయే కిరీటం అని ఆయన కొరింథీయులకి రాసింది వాళ్ళు కళ్ళతో చూసిన దాని గురించే. తిమోతికి రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయంలో, మన పాత తెలుగు బైబిల్లో, 'జెట్టి' అనే మాట వస్తుంది. నియమం ప్రకారం పోరాడకపోతే జెట్టికి కిరీటం దొరకదని. మా తాత ఆ మాటని కుస్తీ పోటీల సందర్భంలో వాడేవాడు, నేనెప్పుడూ పిల్లలకి ఆ వచనం చెప్పలేదు. గెలుపు వచనాలన్నీ కంఠతా పెట్టించాను కానీ ఇదొక్కటి కాదు.

మా సంఘంలో ఆటలంటేనే గిట్టని పెద్దలు కొందరున్నారు, లోకానుసారం అంటారు. వాళ్ళతో నాకు పేచీ పాతదే. బాస్కెట్‌బాల్‌ని 1891లో కనిపెట్టిన జేమ్స్ నెయిస్మిత్ వేదాంత విద్య చదివినవాడు, కనిపెట్టింది అమెరికాలో వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో. మన మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్య కళాశాలని 1920లో పెట్టిన హ్యారీ క్రో బక్ అనే ఆయనే 1924 పారిస్ ఒలింపిక్స్‌కి మన దేశపు జట్టుని తీసుకెళ్ళాడు. డ్రిల్లు మాస్టారు అనే ఉద్యోగం మన దగ్గర పాతుకోవడానికి ఆ కళాశాల ఒక పెద్ద కారణం. ఇవన్నీ చెప్తే పెద్దలు వింటారు, తల ఊపుతారు, మళ్ళీ లోకానుసారం అంటారు.

అదే పారిస్ ఒలింపిక్స్ నుంచి వాళ్ళకి నచ్చే కథ ఒకటుంది, ఎరిక్ లిడెల్ కథ. వంద మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని పరుగు మానేశాడు, తర్వాత 400 మీటర్లలో 47.6 సెకన్లకి స్వర్ణం కొట్టాడు. సండే స్కూల్లో నేనూ చెప్తాను. ఆదివారం ప్రాక్టీసు అడిగిన ప్రతి పిల్లాడి నెత్తిన ఈ కథతో ఒక్కటి వేస్తాం. కానీ కథ అక్కడ ఆపేస్తాం, ఎందుకంటే తర్వాతది మన కర్రకి పనికిరాదు. ఆయన మిషనరీగా చైనా వెళ్ళిపోయాడు. యుద్ధంలో జపానువాళ్ళు ఆయన్ని వైషియన్ శిబిరంలో బంధించారు. అక్కడ తల్లిదండ్రులకి దూరంగా చిక్కుకుపోయిన పిల్లలకి ఆటలు ఆడించే పని నెత్తిన వేసుకున్నాడు, ఆదివారం మాత్రం ఆటల్లేవు. పిల్లలు ఊరుకుంటారా, ఒక ఆదివారం పెద్దవాళ్ళెవరూ లేకుండా హాకీ ఆడుకున్నారు, అది కొట్లాటగా మారింది. పై ఆదివారం లిడెల్ తనే వచ్చి అంపైరుగా నిలబడ్డాడు. ఒలింపిక్స్ కోసం వదలని ఆదివారాన్ని కొట్టుకుంటున్న పిల్లల కోసం వదిలాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే చనిపోయాడు. ఆదివారం ఆడొచ్చు అని నేననడం లేదు, మావాడికి ఇప్పటికీ ఆదివారం ఆరాధన అయ్యాకే మైదానం. కాకపోతే పిల్లలకి సగం కథ చెప్పడం మానేశాను.

సరే, అసలు విషయానికి వస్తాను. బుధవారం సాయంత్రం మావాణ్ణి బండెక్కించుకుని పాతపట్నం వెళ్ళాను. వెళ్ళమని వాడు అడగలేదు, నేనూ బలవంతం చెయ్యలేదు. వెళ్దామా అంటే ఊ అన్నాడు. ఆ కుర్రాడి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, వాళ్ళమ్మది పునుగుల బండి. కుర్రాడు అక్కడే గిన్నెలు తోముతున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

మావాడు వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "టచ్ అయింది. నేను లేదన్నాను" అన్నాడు. ఒక్క ముక్క అంతే, సారీ కూడా లేదు, నేను దార్లో నేర్పిన వాక్యాలు ఏవీ రాలేదు.

"నాకు తెల్దేటి?" అన్నాడు ఆ కుర్రాడు, గిన్నె తోముతూనే. "నా చేతికి గుడ్డ తగిలింది. మా మాస్టారు నమ్మలేదు. తగలకుండా చెయ్యెత్తీసి పరువు తీసీసేవు అన్నారు. ఈ వారం నన్ను ఆడించట్లేదు."

ఇది మేం అనుకోలేదు. నేనైతే అసలు అనుకోలేదు. మా పాపం, మా మనస్సాక్షి, మా ప్రార్థన అనుకుంటూ వచ్చాను కానీ నాలుగు రోజులుగా ఇంకో పిల్లాడు అబద్ధాలకోరు అనిపించుకుని తిరుగుతున్నాడన్న ఊహే రాలేదు. వాళ్ళమ్మ బాణలి దించి, "ఇంతకోసం వచ్చేరేటి బాబూ?" అని, మళ్ళీ వెంటనే "మరి కప్పు తేలేదా?" అంది. తమాషాకి అందో నిజంగా అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వాళ్ళ మాస్టారికి అక్కడి నుంచే ఫోన్ చేయించాను. స్పీకర్ ఆన్ చేశాడు మావాడు. చెప్పడం పూర్తవగానే అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన, "వాడు అక్కడున్నాడా? ఫోనివ్వు" అన్నారు. ఆ కుర్రాడు సబ్బు చేతుల్తోనే ఫోను తీసుకుని, స్పీకర్ ఆపేసి, బండి వెనక్కి వెళ్ళిపోయాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలీదు. తిరిగొచ్చి మావాడికి ఆకులో నాలుగు పునుగులు పెట్టిచ్చాడు. డబ్బులిస్తే వాళ్ళమ్మ తీసుకుంది.

మా వైపు అంత సాఫీగా జరగలేదు. మా కోచ్‌కి చెప్తే, "అయిపోయిన పెళ్ళికి మేళం ఎందుకండీ" అన్నాడు. నిర్వాహకులు కప్పు వెనక్కి తీసుకోవడానికి రూలు లేదన్నారు. మావాడి మెడల్ షాపు సొరుగులో పిన్నులు, గమ్ బాటిళ్ళ మధ్య పడుంది. మిగతా పిల్లలు రెండు రోజులు వాడితో మాట్లాడలేదు, ఇద్దరు ఇప్పటికీ సరిగా మాట్లాడరు. వాళ్ళ తప్పేముంది, వాళ్ళు ఆడిందీ నిజమే కదా. విశ్వాసం ప్రకారం నడుచుకుంటే అందరూ మెచ్చుకుంటారు అని పిల్లలకి చెప్పే మన అలవాటు కూడా కత్తిరించాల్సిందే అనుకుంటాను.

ఇక సంఘంలో. సాక్ష్యం సరిచేసుకోవాలి, కానీ పిల్లాడి తప్పు నలుగురిలో చెప్పే హక్కు నాకుందా? వాణ్ణే అడిగాను. "నాది చెప్పకు. నీది చెప్పు" అన్నాడు. మూడో ఆదివారం లేచి నా వీడియో సంగతి చెప్పాను, రెండు సెకన్లు కత్తిరించానని, తెలిసి తెలిసి దేవుడి పేరు వాడుకున్నానని. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపు ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినబడింది. అయ్యగారు ఏమీ అనకుండా పాట నంబరు చెప్పేశారు, ఆయనకి నేను రుణపడి ఉన్నాను. బయటికొచ్చాక ఒక పెద్దాయన పక్కకి పిలిచి, ఇలాంటివి ఇంట్లో తేల్చుకోవాలి నాయనా అన్నారు. కావచ్చు. మొదటిది కూడా ఇంట్లోనే చెప్పుకుని ఉంటే తేల్చుకునేవాణ్ణే.

ఇప్పుడు మ్యాచ్‌కి ముందు మావాడు ఎక్కడ ప్రార్థన చేసుకుంటాడో నేను చూడను. జట్టులో మిగతావాళ్ళు కొబ్బరికాయ కొడతారు, నేలకి దండం పెట్టి మట్టి నుదుటికి రాసుకుంటారు. మావాడు వాళ్ళ పక్కనే నిలబడతాడు, కొబ్బరిముక్క ఎవరైనా ఇస్తే ఏం చెయ్యాలో వాడూ వాళ్ళమ్మా మాట్లాడుకున్నారు, అందులో నేను వేలు పెట్టలేదు. నేను మాత్రం గెలిపించు అని అడగడం మానేశాను. అవతల గీత దగ్గర పునుగుల బండి అమ్మ కూడా ఉంటుంది కదా, నీలమణమ్మని తలుచుకుంటూ. ఇంటికొచ్చాక గెలిచారా అని అడగకుండా ఉండటమే కష్టం. నాలుక చివర దాకా వచ్చేస్తుంది. అన్నం తిన్నావా అంటాను, వాడికి అర్థమైపోతుంది, స్కోరు తనే చెప్తాడు.

కొత్త టెన్షన్ ఏంటంటే వాడిప్పుడు గాలి తగిలినా చెయ్యెత్తేస్తున్నాడు. పోయిన శనివారం ప్రాక్టీసులో కూతకి వచ్చినవాడు అడుగు దూరంలో ఉన్నాడు, మావాడు చెయ్యెత్తి బయటికి నడిచాడు. వచ్చినవాడే బిత్తరపోయి "నేను ముట్టుకోలేదు కదరా" అన్నాడు. కోచ్ నా వైపు చూశాడు, ఏం పెంచావయ్యా అన్నట్టు. అనుమానంగా ఉంటే చెయ్యెత్తేస్తాను డాడీ, గొడవుండదు అంటాడు వాడు. తగలనిది తగిలిందనడం కూడా అబద్ధమేరా అని చెప్పాను. ఆలోచిస్తున్నాడు. ఈ ఆదివారం మధ్యాహ్నం పాతపట్నం వాళ్ళతో ఫ్రెండ్లీ మ్యాచ్ ఉంది, ఆ కుర్రాడు మళ్ళీ ఆడుతున్నాడట. మావాడి కట్టు కొసకి వాళ్ళమ్మ ఈసారి పిన్నీసు కాకుండా ప్లాస్టర్ అంటించింది.